డీలర్ లేకుండా కొన్న కొత్త కారు "దారిలో ఉంది" దగ్గర ఆగిపోయింది. అసలు ఇంటిదాకా ఎలా వస్తుంది?

కొత్తచక్రం:

అందరికీ నమస్కారం. డీలర్లు లేకుండా నేరుగా అమ్మే కంపెనీ దగ్గర ఎలక్ట్రిక్ కారు బుక్ చేశాను. రంగు, చక్రాలు, సీట్లు అన్నీ వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఎంచుకున్నాను, అడ్వాన్స్ కూడా అక్కడే కట్టాను. మా ఇంట్లో ఇంతవరకు కొన్న బండ్లన్నీ డీలర్ దగ్గర కళ్లారా చూసి, చుట్టూ ఒకసారి తిరిగి, తాళం చేతికి తీసుకుని తెచ్చుకున్నవే. ఇది మాత్రం ఎక్కడుందో కూడా తెలియడం లేదు.

యాప్‌లో విన్ నంబర్ (ప్రతి బండికీ ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) కనిపించిన రోజు చాలా సంతోషపడ్డాం. తర్వాత "దారిలో ఉంది" అని మారింది. ఇక అక్కడి నుంచి కదలదు. ఫోన్ చేస్తే ఒకరు ఓడలో ఉందంటారు, ఇంకొకరు యార్డులో ఉందంటారు. చెప్పిన తేదీ ఇప్పటికే వెనక్కి జరిగింది. మిగతా డబ్బంతా బండి రాకముందే కట్టాలంటున్నారు, అసలు టెన్షన్ అక్కడే.

ఫ్యాక్టరీ గేటు దాటాక బండి ఎవరెవరి చేతులు మారుతుంది? డీలర్ చేయాల్సిన తనిఖీ ఎవరు చేస్తారు? దారిలో దెబ్బ తగిలితే ఎవరు చూసుకుంటారు? ఇంటికి తెప్పించుకోవడం మంచిదా, వాళ్ల సెంటర్‌కి వెళ్లి తెచ్చుకోవడమా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

నీలిమేఘం:

మాకు ఇంటికే తెచ్చారు. చిన్న ట్రైలర్ మీద ఒక్క బండి, దానితో ఒక్క డ్రైవరు. ఆయన కంపెనీ మనిషి కాదు, రవాణా కాంట్రాక్టరు పంపినవాడు. బండి గురించి ఏమీ అడగొద్దండీ, నాకు దింపడం వరకే తెలుసు అని ముందే చెప్పేశాడు. దించగానే ఫోన్ ముందుకు పెట్టి సంతకం చేయమన్నాడు. అప్పటికే చీకటి పడింది.

మా ఆవిడ టార్చి తెచ్చి, చూశాకే సంతకం అని గట్టిగా చెప్పింది. వెనక కుడి చక్రం అంచున లోహం చెక్కుకుపోయి ఉంది. ఫొటోలు తీసి, రిమార్కుల గడిలో రాసి, ఆ తర్వాతే సంతకం పెట్టాం. ఆ ఒక్క లైను ఉండబట్టి కంపెనీ చక్రం మార్చి ఇచ్చింది. రాయకపోయి ఉంటే మీరే ఎక్కడో కాలిబాటకి రాసుకుని ఉంటారు అనేవాళ్లు, మన దగ్గర సమాధానం ఉండేది కాదు.

యార్డుమనిషి:

కొత్తచక్రం గారూ, నేను ఈ పనిలోనే ఉన్నాను. మొదట రేవు యార్డులో కార్లు ఎక్కించి దించే పని, ఇప్పుడు ఒక డెలివరీ సెంటర్‌లో బండ్లు కొన్నవాళ్ల చేతికి వెళ్లే ముందు సిద్ధం చేసే పని. ఏ కంపెనీ అన్నది వదిలేయండి, పద్ధతి అందరిదీ దాదాపు ఒకటే. కాస్త పెద్ద సమాధానం, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ స్టేటస్ సంగతి. బండి ప్రయాణమంతా ఎవరో కనిపెట్టి చూస్తూ యాప్‌లో పెడతారని అందరూ అనుకుంటారు. అలా ఉండదు. ముందు అద్దం మీద అతికించిన విన్ బార్‌కోడ్‌ని ఎవరైనా స్కాన్ చేసినప్పుడే సిస్టమ్‌లో కదలిక. స్కాన్ జరిగేది చేతులు మారినప్పుడు: ఫ్యాక్టరీ నుంచి రవాణా వాళ్లకి, వాళ్ల నుంచి రేవుకి, రేవు నుంచి ఓడకి, అలా. ఈ మధ్యలో బండి యార్డులో మూడో వరసలో ఎండకి నిలబడి ఉన్నా మీకు కనిపించేది "దారిలో ఉంది" అనే. కస్టమర్ కేర్ వాళ్లు చూసే తెర కూడా చాలా చోట్ల అంతే. ఒకరు ఓడ అని, ఒకరు యార్డు అని చెప్పారంటే చివరి స్కాన్‌ని చెరొక రకంగా అర్థం చేసుకున్నారన్నమాట.

బండి ఏ దారిన వస్తుందో మీరే కొంత ఊహించవచ్చు. విన్‌లో 17 అక్షరాలూ అంకెలూ ఉంటాయి. (ఐ, ఓ, క్యూ వాడరు, ఒకటితోనూ సున్నాతోనూ కలిసిపోతాయని.) మొదటి అక్షరం తయారైన దేశాన్నో ప్రాంతాన్నో చెబుతుంది. ఎల్ అయితే చైనా, జె అయితే జపాన్, డబ్ల్యూ అయితే జర్మనీ. 11వ స్థానం సాధారణంగా ఫ్యాక్టరీది. మీ విన్ సముద్రం అవతలి దేశానిదైతే ఓడ తప్పదు, ఆలస్యం కూడా చాలావరకు రేవుల దగ్గరే.

ఇక ప్రయాణం. తయారీ వరస చివరికి వచ్చిన బండి అదే రోజు గేటు దాటుతుందని లేదు. ఒక విడతలో ఏదైనా లోపం బయటపడితే ఆ విడత మొత్తాన్ని ఆపేస్తారు, దాన్నే మేము హోల్డ్ అంటాం. అమెరికాలోనైతే రీకాల్ పడిన (లోపం ఉందని కంపెనీ వెనక్కి పిలిచిన) కొత్త బండిని బాగుచేయకుండా కొన్నవాళ్లకి ఇవ్వడం చట్టప్రకారం కుదరదు. కాబట్టి కారణం చెప్పకుండా తేదీ జరిగితే అన్నిసార్లూ నిర్లక్ష్యమే అనుకోకండి.

గేటు దాటే ముందు బండిని ట్రాన్స్‌పోర్ట్ మోడ్‌లో పెడతారు. నిలబడి ఉన్నప్పుడు చిన్న బ్యాటరీ దిగిపోకుండా చాలా పనులు ఆపేస్తుంది అది. టైర్లలో మామూలు కంటే ఎక్కువ గాలి కొడతారు, వారాల తరబడి ఒకేచోట నిలబడితే టైరు అడుగు చదునైపోకుండా. బానెట్ మీద, పైకప్పు మీద తెల్లటి ఫిల్మ్. లోపల సీట్లకీ స్టీరింగుకీ కవర్లు. ఇవన్నీ మళ్లీ ఎవరో ఒకరు విప్పి సరిచేయాలి, ఆ మాటకి తర్వాత వస్తాను.

ట్రక్కు అయితే పెద్ద ట్రైలర్ మీద ఎనిమిది, తొమ్మిది కార్లు ఎక్కుతాయి. అటువైపు వెళ్లే బండ్లతో ట్రైలర్ నిండితే గానీ కదలదు. మీ ఊరికి మీరొక్కరే ఆర్డర్ పెట్టి ఉంటే పక్క ఊళ్ల ఆర్డర్లు కలిసేదాకా ఆగాల్సిందే. డీలర్ పద్ధతిలోనూ బండి ఇలాగే ఆగేది, కానీ అప్పుడు అది డీలర్ తలనొప్పి, మీకు తెలిసేది కాదు. అమెరికాలో దూరప్రయాణానికి రైలు ఎక్కువ. అంతస్తుల పెట్టెలుంటాయి, రెండంతస్తుల దాంట్లో సుమారు 10, మూడంతస్తుల దాంట్లో 15 దాకా పడతాయి.

ఓడ పని నేను దగ్గరగా చూశాను. కార్ల ఓడలో కంటైనర్లుండవు. లోపల పార్కింగ్ భవనంలా అంతస్తులుంటాయి, ర్యాంపు మీదుగా బండిని నడిపి లోపల పెట్టడమే. ఒక జట్టు డ్రైవర్లు వరసగా నడుపుకుంటూ వెళ్తారు, అందరినీ ఒక వ్యాను వెనక్కి తెస్తుంది, మళ్లీ ఇంకో వరస. మా ఒంటిమీద బెల్టు బకిల్ ఉండకూడదు, వాచీ, ఉంగరం ఉండకూడదు, జిప్పు బయటికి కనిపించకూడదు. బండికీ బండికీ మధ్య పక్కల చాలా ఇరుకు సందు, అందులోంచే ఒళ్లు పక్కకి తిప్పుకుని జారి బయటపడాలి. తలుపు కొంచెమే తెరుచుకుంటుంది. కింద ఒకడు విజిల్ వేస్తూ చేత్తో సైగలు చేస్తుంటాడు, మన కళ్లు అతని చేతి మీదే. ఆ తర్వాత చక్రాలని పట్టీలతో డెక్కుకి కట్టేస్తారు. ఆ పని చేసేవాళ్లు చాలా జాగ్రత్తగా ఉంటారు, ఆ మాట వాళ్ల తరఫున చెప్పాలి. కానీ వేల బండ్లు, తక్కువ సమయం. తలుపు అంచు దెబ్బలు అక్కడే పడతాయి.

నేరుగా అమ్మే కంపెనీలకి రవాణానే పెద్ద పరీక్ష. డీలర్లుంటే వాళ్ల స్థలాలే గోదాములుగా పనికొస్తాయి. వీళ్లకి అది లేదు, ప్రతి బండినీ ఒక పేరున్న మనిషి దగ్గరికి చేర్చాలి. 2018లో టెస్లా మోడల్ 3 ఉత్పత్తి పెరిగినప్పుడు ఎలాన్ మస్క్ స్వయంగా, ఉత్పత్తి నరకం దాటి డెలివరీ రవాణా నరకంలోకి వచ్చామని బహిరంగంగా అన్నాడు. ఆ ఏడాది సెప్టెంబర్ చివర్లో పాత కస్టమర్లే సెంటర్లకి వచ్చి కొత్తవాళ్లకి కారు గురించి చెప్పి సాయం చేశారు. చైనా కార్ల కంపెనీ బివైడీ అయితే ఏకంగా తన కార్ల కోసమే ఓడలు పెట్టుకుంది. మొదటిది బివైడీ ఎక్స్‌ప్లోరర్ నంబర్ 1, 7,000 కార్లు పట్టేది, 2024 జనవరిలో యూరప్‌కి బయల్దేరింది. ప్రమాదాలూ లేకపోలేదు. 2025 జూన్‌లో మార్నింగ్ మిడాస్ అనే ఓడ అలాస్కా దగ్గర సముద్రంలో మంటలంటుకుని, సుమారు 3,000 బండ్లతో మునిగిపోయింది. సిబ్బంది అందరూ బయటపడ్డారు. ఆ లోడులో ఉన్న బండ్ల కోసం ఎదురుచూసినవాళ్లు మళ్లీ మొదటికొచ్చారు.

ఇప్పుడు బాధ్యత మాట. మీ ప్రశ్నలన్నింటిలో నేను ఎక్కువ పట్టించుకునేది ఇదే. చేతులు మారిన ప్రతిచోటా తీసుకునేవాడు బండి చుట్టూ తిరిగి చూడాలి. దెబ్బ ఉంటే కోడ్ రాయాలి. అమెరికా రవాణాలో అది అయిదంకెల కోడ్: మొదటి రెండు ఏ భాగమో, తర్వాతి రెండు ఎలాంటి దెబ్బో, చివరిది ఎంత పెద్దదో. రాయకుండా సంతకం చేశాడంటే, దెబ్బ లేని బండిని తీసుకున్నట్టు లెక్క. తర్వాత కనిపించినది అతని నెత్తిన పడుతుంది. అందుకే ప్రతివాడూ ముందటివాడి దగ్గర వెతుకుతాడు.

డీలర్ పద్ధతిలో ఈ గొలుసులో చివరి సంతకం డీలర్‌ది. దెబ్బ ఉంటే అతనే రవాణా కంపెనీతో తేల్చుకుని, బాగుచేయించి మీకిస్తాడు. నేరుగా కొన్నప్పుడు ఆ చివరి సంతకం మీది. సెంటర్‌లో మేము చూస్తాం, నిజమే, కానీ రోజు చివర్లో, ముఖ్యంగా కంపెనీ మూడు నెలల అమ్మకాల లెక్క ముగిసే వారంలో, బండి కిందికి దిగిన గంటలోనే బయటికి పంపమంటారు. మేము ఎంత శ్రద్ధగా చూసినా మీ కళ్లు ఇంకోసారి చూడాలి. దయచేసి ఆ సంతకాన్ని కొరియర్ పార్సిల్ సంతకంలా పెట్టకండి.

కొత్తచక్రం:

యార్డుమనిషి గారూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు, చాలా థాంక్స్ అండీ. మా విన్ ఎల్‌తోనే మొదలైంది, అంటే ఓడే. ఇంకో మాట. ఈ విన్‌తోనే లోన్ కాగితాలు, ఇన్సూరెన్స్ మొదలుపెట్టేయొచ్చా? డబ్బు ముందే కట్టడం మామూలేనా?

వడ్డీలెక్క:

దీనికి నేను చెబుతాను, బండి లోన్ల విభాగంలో పనిచేస్తున్నాను. ముందే కట్టించుకోవడం నేరుగా అమ్మేవాళ్లలో మామూలే. ట్రైలర్ డ్రైవరు చేతిలో డబ్బు పెట్టే పద్ధతి ఉండదు కదా. మీరు చూడాల్సింది ఒప్పందంలో ఒక వాక్యం: బండి మీద హక్కు, నష్టభయం మీకు ఎప్పుడు బదిలీ అవుతాయి అన్నది. ఫ్యాక్టరీ గేటు దగ్గరా, మీ చేతికి అందాకా? అందాకే అని ఉంటే దారిలో ఏం జరిగినా కంపెనీది. గేటు దగ్గరే అని ఉంటే సంతకానికి ముందే రాతపూర్వకంగా వివరణ అడగండి.

విన్ సంగతి. కొన్ని కంపెనీలు మీ ఆర్డర్ ప్రకారమే తయారుచేస్తాయి. కొన్ని ముందే తయారైన బండిని మీ ఆర్డర్‌కి జతచేస్తాయి. రెండో రకంలో విన్ మారడం సాధారణం. ఆ బండికి దారిలో దెబ్బ తగిలితే మీకు ఇంకోటి కేటాయిస్తారు. ఇన్సూరెన్స్ కొటేషన్ ఇప్పుడే తీసుకుని ఉంచుకోండి, పాలసీ మాత్రం డెలివరీ తేదీ ఖాయమయ్యాక ఆ రోజు నుంచే మొదలయ్యేలా చేయించండి. విన్ మారితే లోన్ కాగితాలు మళ్లీ రాయాలి. మీకు ఇచ్చిన వడ్డీ రేటు ఏ తేదీ వరకు చెల్లుతుందో అడిగి పెట్టుకోండి, ఓడ ఆలస్యానికి బ్యాంకు ఆగదు.

రిజిస్ట్రేషన్ కాగితాలు ఎవరు చేస్తారో కూడా ముందే తేల్చుకోండి. డీలర్ ఉంటే ఆ తిరుగుడంతా అతనే తిరిగేవాడు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో కంపెనీలు నేరుగా అమ్మడం మీద ఆంక్షలున్నాయి. మిషిగన్‌లో 2020లో కుదిరిన ఒప్పందం ప్రకారం టెస్లా అక్కడివాళ్లకి బండి తెచ్చివ్వొచ్చు, కానీ అమ్మకం కాగితాల్లో వేరే రాష్ట్రంలో జరిగినట్టు ఉండాలి. హక్కుపత్రం మొదట ఆ రాష్ట్రానిదై, తర్వాత మిషిగన్‌కి మారుతుంది. ఇలాంటివి ఉన్నచోట కాగితాలు బండి కంటే ఆలస్యంగా వస్తాయి.

నచ్చకపోతే వెనక్కి ఇచ్చేద్దాంలే అనే ధీమా కూడా వద్దు. టెస్లాకి ఏడు రోజుల్లో తిరిగి ఇచ్చే పద్ధతి ఉండేది, 2020 అక్టోబర్‌లో తీసేశారు. మీ కంపెనీ నియమం ఈ రోజు ఏముందో అదే చూడండి.

నీలిమేఘం:

ఒక్క సందేహం యార్డుమనిషి గారూ. మాది తెలుపు రంగు. మొదటిసారి కడిగినప్పుడు వెనక తలుపు మీద సన్నటి నారింజ చుక్కలు కనిపించాయి. కొత్త బండికి అప్పుడే తుప్పు పట్టిందా అని భయపడ్డాం.

యార్డుమనిషి:

అది తుప్పే, కానీ మీ బండిది కాదండీ. రైల్లో వచ్చిన బండ్లకి ఇది మామూలు. చక్రాలూ పట్టాలూ రాసుకుని లేచే ఇనుప రజను పెయింట్ మీద వాలి అతుక్కుంటుంది, తేమ తగిలాక నారింజ రంగు తిరుగుతుంది. తెలుపు మీద బాగా కనిపిస్తుంది, నలుపు మీద కనిపించదు గానీ చెయ్యి వేస్తే గరుకు తెలుస్తుంది. గట్టిగా రుద్దకండి, గీతలు పడతాయి. ఇనుప రజను కరిగించే ద్రావణం ఉంటుంది, స్ప్రే చేస్తే ఊదారంగులో కారిపోతుంది. మిగిలినదానికి క్లే బార్, అంటే పెయింట్ మీది రజనుని పట్టి లాగే మెత్తటి మట్టి ముద్ద. డెలివరీ రోజే కనిపిస్తే సెంటర్ వాళ్లనే చేయమని అడగండి, చేస్తారు.

కొత్తచక్రం గారూ, ఇల్లా సెంటరా అని అడిగారు కదా. సెంటర్ దగ్గరలో ఉంటే అక్కడికే వెళ్లండి. లోపం కనిపిస్తే చూపించడానికి మనిషి ఉంటాడు, పనిముట్లుంటాయి, అవసరమైతే బండిని అక్కడే వదిలి రావొచ్చు. ఇంటికి తెచ్చే డ్రైవరుకి నీలిమేఘం గారు చెప్పినట్టు దింపడం వరకే తెలుసు. దూరం ఎక్కువైతే ఇంటికే తప్పదు, అప్పుడు పగటి పూట సమయం అడగండి. చీకట్లో, వాన తడి మీద గీతలు కనిపించవు. రాత్రి తెస్తామని పట్టుబడితే పొద్దున తెమ్మని చెప్పే హక్కు మీకుంది, భయపడకండి. డ్రైవరు మీద మాత్రం కోపం వద్దు, వేళలు అతని చేతిలో ఉండవు.

చూసేటప్పుడు నా అలవాటు చెబుతాను. ముందు ముట్టుకోను. పది అడుగుల దూరం నుంచి ఒక మూలన నిలబడి, పక్క ప్యానెళ్ల మీద పడే వెలుతురు గీత తిన్నగా ఉందా అని చూస్తాను. సొట్ట ఉంటే ఆ గీత అక్కడ వంకర పోతుంది. తర్వాత దగ్గరికెళ్లి తలుపు అంచులు, ముందు బంపర్ కింది పెదవి. ట్రైలర్ ర్యాంపు ఎక్కేటప్పుడు రాసుకునేది ఆ పెదవే, వంగితే గానీ కనిపించదు. నాలుగు చక్రాల అంచులు. పైకప్పు గాజుకి పగులుందేమో లోపలి నుంచి ఆకాశం వైపు చూడండి. ఫిల్మ్ తీసినచోట జిగురు మరకలున్నాయేమో కూడా.

లోపల కూర్చుని అద్దం మూలన ఉన్న విన్, తలుపు స్తంభం మీది విన్, కాగితాల్లోని విన్ మూడూ అక్షరం అక్షరం కలపండి. ఓడోమీటర్ ఫొటో తీయండి. యార్డుల్లో తిరిగిన కొద్ది కిలోమీటర్లు ఉండటం సహజం, వందల్లో ఉంటే మాత్రం కారణం అడగండి. టైర్ల గాలి స్టిక్కర్ మీద రాసినంతే ఉందా అడగండి. ఇందాక చెప్పానే, రవాణా కోసం ఎక్కువ కొడతారని. అది తగ్గించకుండా ఇచ్చేసిన బండ్లు నా దగ్గరికే తిరిగొచ్చాయి, బండి ఎగిరెగిరి పడుతోందండీ అని. గాలి తగ్గించని చోట మిగతా తనిఖీ కూడా సరిగ్గా జరగలేదేమో అని నేను అనుమానిస్తాను. ఛార్జర్ పెట్టి ఒక్క నిమిషం ఛార్జ్ ఎక్కుతోందా చూడండి. అద్దాలన్నీ దించి ఎత్తండి.

ఏది కనిపించినా ఫొటో, రిమార్కుల్లో రాత, ఆ తర్వాతే సంతకం. చిన్నదైతే రాసి తీసుకెళ్లండి, తర్వాత బాగుచేస్తారు. చాసిస్ (బండి కింది చట్రం), గాజు, పెయింట్‌లో పెద్ద లోపం అయితే తీసుకోకండి. తీసుకోను అనడం గొడవ కాదు, మాకు దానికి ఫారమే ఉంది.

కొత్తచక్రం:

ఇదంతా ప్రింట్ తీసుకున్నాను. ఒప్పందం తెరిచి వడ్డీలెక్క గారు చెప్పిన వాక్యం వెతికాను, నష్టభయం మా చేతికి అందాకే బదిలీ అని స్పష్టంగా ఉంది. సగం టెన్షన్ పోయింది. సెంటర్‌కే వెళ్లి తెచ్చుకుంటామని కూడా రాసి పంపాను. చివరిగా ఒకటి, మా అబ్బాయి అడగమంటున్నాడు. బండి తనంతట తానే నడుచుకుంటూ ఇంటికి వచ్చేస్తుందట కదా, నిజమేనా?

యార్డుమనిషి:

ఒకటి వచ్చింది, నిజమే. 2025 జూన్ 27న టెస్లా ఒక మోడల్ వై కారుని ఆస్టిన్ ఫ్యాక్టరీ నుంచి అదే నగరంలో కొన్నాయన ఇంటికి, లోపల మనిషి లేకుండా పంపింది. సుమారు అరగంట ప్రయాణం. ఫ్యాక్టరీ ఉన్న ఊళ్లో ఉన్నవాళ్లకి అలా కుదరొచ్చు. మీ బండికి మధ్యలో సముద్రం ఉంది కాబట్టి ఓడ, రేవు, ట్రైలర్ తప్పవని బాబుకి చెప్పండి. బండి తెచ్చుకునే రోజు అతన్నీ తీసుకెళ్లండి. బంపర్ కింద చూడటానికి పిల్లలకి మనలా నడుం పట్టదు.